ఎల్లో మెటల్ రింగ్, వన్

ఆవిడకు ఇంగ్లీషు వచ్చు. రాదని ఎవరైనా అన్నారా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. కాకపోతే ఆ ఇంగ్లీషు మొత్తం అరవై నాలుగు మాటలు, ఆ అరవై నాలుగూ వస్తువుల పేర్లే. వాచ్, పర్స్, బెల్ట్, కోంబ్, అంబ్రెల్లా, కర్చీఫ్, స్లిప్పర్స్, గ్లాసెస్. రావడం, పోవడం, తినడం, ఏడవడం లాంటివి అందులో ఒక్కటీ లేవు. "నీ ఇంగ్లీషులో ప్రాణమున్న ముక్క ఒక్కటీ లేదే" అని మొగుడు ఎగతాళి చేసేవాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాడు, వేరే పనేముంది? "నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమందికి ఉండదు, సరిపోయిందిలే" అనేది ఆవిడ. పొద్దున్నే పనికి బయల్దేరుతూ "నా కోంబ్ వన్ ఎక్కడ పెట్టావ్?" అని అరిచేది. వస్తువు పేరు వెనక లెక్క చెప్పకపోతే ఆవిడకు మాట పూర్తయినట్టు ఉండేది కాదు.

ఆ పెద్దాసుపత్రిలో అందరూ ఆవిడను సామాన్లమ్మ అనేవాళ్ళు. స్పృహ లేకుండా వచ్చినవాళ్ళ ఒంటిమీద, జేబుల్లో ఉన్నవన్నీ ఆవిడ గదికే వస్తాయి. ప్రాణం పోయి వచ్చినవాళ్ళవీ అక్కడికే. ఆవిడ వాటిని చూసి, రిజిస్టర్‌లో ఇంగ్లీషులో రాసి, గుడ్డసంచిలో వేసి, సంచి మూతికి నంబరు వేసిన రేకుబిళ్ళ కట్టి, ఇనప అరలో పెడుతుంది. కింది అంతస్తులో నడవా చివర గది, కిటికీ లేదు. పక్క తలుపు తీస్తే శవాల గది. మొదట్లో పంతొమ్మిదేళ్ళు వార్డుల్లో ఆయాగా చేసింది. తడి మెట్ల మీద ఒక రోగిని పట్టుకుని దించుతూ జారిపడితే నడుము పట్టేసింది. రోగికి ఏమీ కాలేదు, ఈవిడకే అయింది. బరువులెత్తే పని ఇక నీవల్ల కాదని తెచ్చి ఈ గదిలో కూర్చోబెట్టారు.

చదివింది అయిదో తరగతి. రిజిస్టరేమో ఇంగ్లీషు. అంతకుముందు ఆ గది చూసిన ముసలాయన వెళ్ళిపోయేముందు పాత క్యాలెండరు కాగితం వెనక పెద్ద పెద్ద అక్షరాలతో ఈ అరవై నాలుగు మాటలూ రాసి గోడకు అతికించాడు. పక్కన తెలుగులో అర్థం కూడా రాశాడు, పుణ్యాత్ముడు. "ఇందులో లేని వస్తువు మనుషుల దగ్గర ఉండదమ్మా. ఒకవేళ తగిలితే ఇందులో దగ్గరిదేదో చూసి రాసెయ్. ఎవర్నీ అడక్కు. అడిగావంటే నీకు రాదని తెలిసిపోతుంది, మళ్ళీ మెట్లెక్కిస్తారు." ఆ మాట ఆవిడ మనసులో మేకు దిగినట్టు దిగిపోయింది.

ఇంకో రెండు పద్ధతులు కూడా చెప్పాడు. బంగారం అని ఎప్పుడూ రాయకూడదు, ఇత్తడి అనీ రాయకూడదు. ఎల్లో మెటల్ అంతే. బంగారం అని రాశాక అది ఇత్తడని తేలిందా, మార్చేశావని నీ మెడకు చుట్టుకుంటుంది. రెండోది, ఎవరైనా మావాడేమో అని వస్తే సంచి విప్పకూడదు. ముందు వాళ్ళచేత చెప్పించాలి. చెప్పినవి రిజిస్టర్‌తో కలిస్తేనే సంచి, ఆ తర్వాతే మనిషి. ఒకప్పుడు ఎవడో ఘనుడు వచ్చి, చచ్చినాయన మా అన్నేనని భోరున ఏడ్చి, వాచీ గొలుసూ పట్టుకుపోయాడట. అసలు అన్న మర్నాడు వచ్చాడు.

పన్నెండేళ్ళలో గోడమీది మాటలన్నీ ఒక్కొక్కటిగా ఆవిడ చేతుల్లోకి వచ్చాయి. లిప్‌స్టిక్ అనే మాట ఇరవై ఏళ్ళ పిల్ల నేర్పింది. నేర్పిందంటే నోటితో కాదు. వాకింగ్ స్టిక్ నేర్పినాయన తొంభై దాటినవాడు, కర్ర పిడికి తన పేరు చెక్కించుకున్నాడు. లంచ్ బాక్స్ తెరవకుండానే వచ్చింది, మూత తీస్తే లోపల ఇంకా వేడిగా ఉంది, ఆరోజు సామాన్లమ్మ ఇంటికెళ్ళి మంచం దిగలేదు. మిగతా రోజుల్లో మాత్రం చక్కగా రాసుకునేది. రాత ముత్యాల్లా ఉంటుందని పెద్ద గుమాస్తా కూడా మెచ్చుకున్నాడు. ఆ మెప్పు అంటే ఆవిడకు ప్రాణం, దాచడం ఎందుకు?

ఒక మధ్యాహ్నం శవాల గది మనిషి స్టీలు పళ్ళెం తెచ్చి బల్లమీద పెట్టాడు. మెయిన్ రోడ్డు మీద లారీ కింద పడ్డాయన. ముఖం ఆనవాలు లేదు, జేబులో పర్సు లేదు, చెప్పులు ఎక్కడ పడ్డాయో తెలీదు. చొక్కా ముందే కత్తిరించి పారేశారు. పళ్ళెంలో ఒక అద్దం పగిలిన కళ్ళజోడు, దువ్వెన, చేతిరుమాలు ఉన్నాయి. వాటి పక్కన ఇంకోటి.

"ఇది కుడిచేతి నడిమివేలికి ఉంది. లాగితే గానీ రాలేదు" అన్నాడతను.

సామాన్లమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పసుపు రంగు లోహం, వెడల్పాటి పట్టీ, పైనా కిందా ఖాళీ, చుట్టూ సన్నసన్నటి గుంటలు. ఇదేం డిజైను అనుకుంది. ఒక్క క్షణం పెద్ద గుమాస్తాను అడుగుదామా అనిపించింది. అడగలేదు. వేలికి ఉండేది ఉంగరం కాక మరేమిటి? గోడ వైపు చూసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: ఎల్లో మెటల్ రింగ్, వన్.

మూడో రోజు ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. వేళ్ళ చివర్లన్నీ సూదిపోట్లు.

"అక్కా, మా ఆయన మూడు రోజులుగా ఇంటికి రాలేదు. ఇక్కడ అడగమన్నారు."

"ఏం చేస్తాడమ్మా?"

"చొక్కాలకు కాజాలు కుడతాడు. చేత్తోనే, మిషను మీద కాదు. ఆయన కాజాలు కుడితే నేను గుండీలు కుడతాను. ఇద్దరం ఇంట్లోనే."

"దగ్గర ఏమేం ఉన్నాయి?"

"కళ్ళజోడుంది. జేబులో దువ్వెన, చేతిరుమాలు ఉంటాయి."

సామాన్లమ్మ వేలు రిజిస్టర్‌ మీద ఆగిపోయింది. అయితే దువ్వెనా చేతిరుమాలూ లేని మగవాడు ఎక్కడుంటాడు? కళ్ళజోడు వాళ్ళకూ కొదవ లేదు. పన్నెండేళ్ళలో ఎంతమందిని చూసింది. "వేలికి ఉంగరం ఉందా?" అని అడిగింది.

"ఉంగరమా? లేదక్కా. గుడ్డకు పట్టుకుంటుందని పెళ్ళినాటిదే తీసి దాచేశాడు."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో తల్లీ. పసుపు రంగుది, వెడల్పుగా ఉంటుంది."

"ఒట్టక్కా. ఆయన వేలికి ఉంగరం చూసి పదేళ్ళయింది."

సామాన్లమ్మ రిజిస్టర్‌ మూసేసింది. ఆ గదిలో కూర్చుని మంచి కబురు చెప్పే అవకాశం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? మనస్ఫూర్తిగా చెప్పింది: "అయితే మీ ఆయన కాదమ్మా. ఇక్కడున్నాయనకు ఉంగరం ఉంది."

ఆమె నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. గోడ పట్టుకుని నిలబడి, "నీ నోట్లో పంచదార పొయ్య, ఎంత చల్లని మాట చెప్పావక్కా" అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "పోనీ, ఒక్కసారి చూసి వెళ్ళనా?"

"వద్దు తల్లీ. ఆ ముఖం చూస్తే నెల్లాళ్ళు నిద్ర పట్టదు. నీది కాని కష్టం నీకెందుకు?"

కబురేమైనా తెలిస్తే చెప్పమని ఆమె తన చిరునామా రాయించి వెళ్ళింది. ఎవరూ రాని శవాన్ని పదిరోజులు ఉంచుతారు. పదకొండో రోజు సామాన్లమ్మ కాగితం మీద సంతకం పెట్టింది, శవాల గది వాళ్ళు ఆయన్ను తీసుకెళ్ళి నంబరు పలక పాతి పూడ్చేశారు. సంచి మాత్రం ఏడాదిదాకా అరలోనే ఉంటుంది.

నెల గడిచింది. స్ట్రెచరు కాన్వాసు చిరిగితే కుట్టించడానికి సామాన్లమ్మ మెట్ల కింద కూర్చునే కుట్టుపనాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన ముసలివాడు, ఆసుపత్రి దుప్పట్లూ పరదాలూ ఆయనే కుడతాడు. దబ్బనమంత సూదికి దారం ఎక్కించి, డబ్బాలోంచి ఏదో తీసి కుడిచేతి నడిమివేలికి తొడుక్కున్నాడు. వెడల్పాటి ఇత్తడి పట్టీ. పైనా కిందా ఖాళీ. చుట్టూ సన్నటి గుంటలు.

"అదేమిటి బాబాయ్, వేలికి?"

"ఇదా? వేలితొడుగు. దీంతో నెడితే సూది వేల్లో దిగదు. ఈ గుంటల్లో సూది తల నిలుస్తుంది. మిషను వాళ్ళకు అక్కర్లేదులే, నాబోటి చేతికుట్టు వాళ్ళకు, కాజాలు కుట్టేవాళ్ళకు ఇది లేకపోతే పని జరగదు."

సామాన్లమ్మ కాన్వాసు అక్కడే వదిలేసి గదికి వెళ్ళి, రిజిస్టర్‌లో రింగ్ అన్న తన రాత తీసి చూసుకుంది.

పెద్ద గుమాస్తాకు చెప్పింది. ఆయన తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు.

"ఇప్పుడేమంటావ్? పోయినవాడు పోయాడు, పూడ్చడం కూడా అయిపోయింది. ఆమె ఎక్కడో బతికున్నాడనుకుంటోంది, అనుకోనీ. ఎనిమిది నెలల్లో రిటైరయ్యేదానివి, కోరి కొరివితో తల గోక్కుంటావా?"

"బతికున్నాడనుకుని ఆమె సుఖంగా ఉందని మీకెవరు చెప్పారు సార్?"

అయినా ఆ మాట అన్నంత తేలిగ్గా ఆవిడ బయల్దేరలేదు. రెండు రోజులు మామూలుగా పనికి వెళ్ళొచ్చింది. నాకు తెలియదుగా అని ఒకసారి, నేను అడగలేదుగా అని ఒకసారి అనుకునేది. తెలియకపోవడం తప్పు కాదు, అడగకపోవడం తప్పు, ఆ రెండింటికీ మధ్య ఎంత సర్దుకున్నా చోటు దొరకలేదు. కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. మూడోరోజు మొగుడే అన్నాడు. "వెళ్ళి చెప్పేసి రావే. ఆమె తిడితే పడు. చెయ్యి చేసుకున్నా పడు."

కుట్టుపనాయన్ను అడిగి ఆ వేలితొడుగు తీసుకుని కొంగున ముడేసుకుంది. సంచిలోది గది దాటకూడదు మరి.

ఇరుకు సందు, రెండో అంతస్తు, ఒకటే గది. గుమ్మం పక్కన వెలుతురు పడే చోట ఆమె కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతోంది. ఎదురుగా ఇంకో పీట ఖాళీగా ఉంది. సామాన్లమ్మను గుర్తుపట్టి పీట జరిపింది.

"కూర్చో అక్కా. ఆయన కబురేనా? చెప్పకు, నాకక్కర్లేదు. ఎక్కడ కులుకుతున్నాడో చచ్చినోడు!"

సామాన్లమ్మ కూర్చుంది. "ఎందుకమ్మా ఆ మాట?"

"ఎందుకేమిటి? ఆరోజు కాజాలు పెద్దవి కోశాడు, గుండీలు నిలవలేదు, కొట్టువాళ్ళు పదిహేను చొక్కాలు తిప్పి పంపారు. కళ్ళు కనపడకపోతే మానెయ్ అన్నాను. అదే నేనన్నది. మాట కూడా మాట్లాడకుండా లేచి పోయాడు. ఏ లారీ కిందైనా పడ్డాడేమోనని మూడు రోజులు కడుపులో అగ్గి పెట్టుకుని తిరిగాను. నువ్వు కాదన్నాక తెలిసొచ్చింది. వదిలేసి పోయాడు. చుట్టాలందరూ అదే అన్నారు. ఆయన బట్టలన్నీ పాతబట్టల వాడికి ఇచ్చేశాను. చూసుకో, ఒక్క చొక్కా కూడా ఉంచలేదు."

సామాన్లమ్మ కొంగుముడి విప్పింది. "ఇలాంటిది మీ ఆయన దగ్గర ఉండేదా తల్లీ?"

ఆమె చూసింది. "వేలితొడుగు. ఉండకేం? పని అవగానే తీసి ఈ డబ్బాలో పడేస్తాడు. అదే కదా అక్కా, డబ్బా వెతికితే అది లేదు. పనిముట్టు కూడా పట్టుకుపోయాడు. ఇంకెక్కడో కాజాలు కుట్టుకుంటూ బతకడానికే పోయాడని దాన్ని బట్టే కదా నాకు నమ్మకం కుదిరింది."

"పట్టుకుపోలేదమ్మా" అంది సామాన్లమ్మ. "వేలికే ఉంది. కుడిచేతి నడిమివేలికి. నేను... అది ఏమిటో నాకు తెలియలేదు. ఉంగరం అని రాశాను."

ఆమె కుడుతున్న చొక్కా కింద పెట్టింది.

"నువ్వు కాదన్నావే."

"అన్నాను."

"చూస్తానంటే వద్దన్నావే."

"అన్నాను తల్లీ."

"ఎక్కడున్నాడు?"

"పూడ్చేశారు. నంబరు ఉంది, నేను తీసుకెళ్తాను."

తిడుతుందని సామాన్లమ్మ ఎదురుచూసింది. జుట్టు పట్టుకున్నా బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు. మెల్లగా లేచి పెట్టె తెరిచి, అడుగునుంచి కొట్టువాళ్ళది ఒక తెల్లచొక్కా తీసి ఒళ్ళో పరిచింది. నాలుగో కాజా సగంలో ఉంది. సూది దానికే గుచ్చి ఉంది, దారం తెంచలేదు.

"ఇది ఆయన ఒళ్ళోంచి కింద పడింది. అందులోంచి సూది తీయబుద్ధి కాక దాచాను. వదిలేసి పోయేవాడు దారమైనా తెంచడా అక్కా? వేలికి తొడుగుతో పోతాడా? కోపం చల్లారగానే వచ్చి కూర్చుందామనే పోయాడు." అప్పుడు ఏడ్చింది. "నెల్లాళ్ళు శాపనార్థాలు పెట్టానే, నెల్లాళ్ళు! పోయినవాణ్ణి ఎక్కడైనా పోరా అని తిట్టానే!"

మర్నాడు ఆమె ఆసుపత్రికి వచ్చింది. సంచి ఇవ్వాలంటే రిజిస్టర్‌లో ఆమె సంతకం కావాలి. ఒక్కొక్క మాటా చదివి అర్థం చెప్పమంది. గ్లాసెస్, వన్. కోంబ్, వన్. కర్చీఫ్, వన్. ఎల్లో మెటల్ రింగ్, వన్.

"దానికి పెట్టను" అంది.

"రాసి ఉన్నదానికి పెట్టేస్తే పని అయిపోతుందమ్మా" అన్నాడు పెద్ద గుమాస్తా. "వస్తువు నీ చేతికే వస్తుందిగా."

"ఆ మాట వల్లే కదా ఆయన దిక్కులేనివాడిగా పోయాడు. దానికింద నన్ను సంతకం పెట్టమంటారా? మా ఆయనకు ఉంగరం లేదు. పెట్టను."

సామాన్లమ్మ కలం తీసింది. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారని పెద్ద గుమాస్తాను అడిగింది. పన్నెండేళ్ళలో ఆవిడ ఆయన్ను ఒక ఇంగ్లీషు మాట అడగడం అదే మొదటిసారి. చిత్రమేమిటంటే ఆయనకూ తెలియదు. ఫోను తీసి వెతికి, థింబుల్ అన్నాడు. ఎంత సేపు పట్టింది? అడగాలే గానీ అరనిమిషం పని.

"కొట్టేసి రాశావంటే విచారణ తప్పదు. ఆ గీత నీ మెడకే చుట్టుకుంటుంది, చెప్తున్నా" అన్నాడు.

"చుట్టుకోనివ్వండి సార్."

రింగ్ మీద అడ్డంగా గీత గీసి, పైన థింబుల్ అని రాసి, పక్కన తన సంతకం, తేదీ పెట్టింది. ఆయన అన్నట్టే అయింది. నెల తిరక్కుండా విచారణ జరిగింది, గది తాళం వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది. మిగిలిన నెలలు ఆవిడ గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని చీటీలు చించి ఇచ్చింది. దానికి బాధపడిందని నేననుకోను.

ఆరోజు ఆమె సంతకం పెట్టాక సంచి విప్పారు. ఆమె కళ్ళజోడు తీసి, పగలని అద్దాన్ని కొంగుతో తుడిచింది. దువ్వెన పళ్ళలో ఇంకా రెండు వెంట్రుకలున్నాయి, వాటిని ముట్టుకోలేదు. వేలితొడుగు తన నడిమివేలికి పెట్టుకుంటే వదులైంది, జారకుండా పిడికిలి బిగించింది.

"ఆయన్ను ఆరోజు ఎక్కడ ఉంచారక్కా?"

సామాన్లమ్మ పక్క తలుపు వైపు చూపించింది. ఆరోజు ఆమెకూ ఆయనకూ మధ్య అయిదారు అడుగులు ఉంటాయంతే.

ఆమె ఆ తలుపును చూసింది. తర్వాత, కోపం లేకుండా, ఎవరితోనో మామూలు కబురు చెబుతున్నట్టు అంది.

"నువ్వు కాదన్నావు చూడు, ఆరోజు ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తిన్నానక్కా. మూడు రోజుల తర్వాత అదే మొదటిసారి."